పాట చేతులు మారిన తీరు: అనతోలియా రాక్ పునరుజ్జీవనం – ఓరుగల్లు నుండి ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

టర్కీలో 1960, 1970 దశకాలలో పల్లెపాటను విద్యుద్వాద్యాలతో మేళవించిన సంగీతధోరణికి అనతోలియా రాక్ అని పేరు. అందులోని సైకెడెలిక్ రాక్ శైలిని 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడిన ‘ఆల్తన్ గ్యూన్’ అనే యువబృందం మళ్లీ వేదిక ఎక్కించింది. ఈ పునరుజ్జీవనంలో తిరిగి బతికింది 1970ల నాటి రికార్డా, దానికి ఆధారమైన పల్లెపాటా అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వరంగల్లు ప్రాంతపు గానపరంపరకు ఇటీవల దక్కిన ఆదరణను ఆ వెలుగులో చూస్తుంది.

కీలకపదాలు: అనతోలియా రాక్, ఆషిక్ పరంపర, సేకరణ, మూలగాయకుడు, బుడగజంగాలు, బలగం.

ఉపోద్ఘాతం

2023 ఆగస్టు 6న హైదరాబాదులో గద్దర్ కన్నుమూశారు. మరునాడు కెనడాలోని టొరంటో నగరంలో ఎర్కిన్ కొరాయ్ అనే టర్కీ గాయకుడు తన 82వ ఏట మరణించాడు. మొదటి వార్త వరంగల్లు జిల్లాలో ప్రతి వాడకూ చేరింది. రెండవదాన్ని ఇక్కడ గమనించినవారు అరుదు. గొంగడి, గజ్జె, డప్పులతో నిలిచిన గాయకునికీ, పొడవాటి జుట్టుతో ఎలక్ట్రిక్ గిటారు పట్టిన గాయకునికీ పోలిక వెదకడం వింతగా తోచవచ్చు. అయితే ఇద్దరూ చేసిన పని ఒక్కటే. పల్లెలో పుట్టిన బాణీని తీసుకొని, ఆ పల్లెను ఎన్నడూ చూడని జనసమూహం ముందు నిలిపారు. అలా నిలిపినప్పుడు పాటను మొదట కట్టినవారి పేరు ఏమవుతుందన్నది ఈ వ్యాసానికి ప్రేరణ.

ఓరుగల్లు చరిత్ర చదివినవారికి ‘తురుష్క’ శబ్దం వినగానే 1323 నాటి కోట పతనం స్ఫురిస్తుంది. శాసనాలలోని ఆ మాట ఢిల్లీ సైన్యాలకు సంబంధించినది. అనతోలియా పీఠభూమిలోని రైతుల పాటకు దానితో సంబంధం లేదు. ఆ పాట మన పరిశోధకుల దృష్టికి దాదాపుగా రాలేదు. కాబట్టి ముందుగా దాని కథ చెప్పుకోవలసి ఉంది.

సేకరణ నుండి పోటీ వరకు

1923లో గణతంత్రంగా ఏర్పడిన టర్కీ తన జాతీయ సంగీతాన్ని పల్లెలలో వెదికింది. ఉస్మానీ దర్బారు సంగీతం గతానికి చెందినదనీ, రైతు పాటకు పాశ్చాత్య స్వరమేళనం జతచేస్తే కొత్త సంగీతం పుడుతుందనీ నాటి పాలకులు విశ్వసించారు. 1934లో దర్బారీ సంప్రదాయ సంగీతాన్ని రేడియోలో ప్రసారం చేయకుండా నిషేధించారు. శ్రోతలు కైరో రేడియోకు మళ్లారు. 1936లో నిషేధం తొలగింది. అదే ఏడాది హంగరీ సంగీతశాస్త్రజ్ఞుడు బేలా బార్తోక్ అదానా ప్రాంతపు పల్లెలలో పాటలు సేకరించాడు. 1937 నుండి 1952 వరకు అంకారా సంగీత విద్యాలయం పక్షాన ముజఫ్ఫర్ సారిసోజెన్ తదితరులు ఏటా యాత్రలు చేసి సుమారు 10,000 పాటలను నమోదు చేశారు.

ఈ సేకరణలోని ఒక పద్ధతి మనకు ముఖ్యం. ప్రభుత్వ రేడియో భాండాగారంలో ప్రతి పాట స్వరలిపి పత్రం మీద నాలుగు గడులుంటాయి. పాట ఏ ప్రాంతానిది, ఎవరి నోట విన్నారు, ఎవరు సేకరించారు, ఎవరు స్వరపరచి రాశారు అన్నవి ఆ గడులలో నింపుతారు. పాట పాడినవానిని అక్కడ ‘మూలవ్యక్తి’ అంటారు. ఈ పద్ధతిని అతిగా మెచ్చుకోవలసిన పనిలేదు. కుర్దు, ఆర్మేనియన్ భాషల పాటలు టర్కీ మాటలు తొడుక్కొని ఈ భాండాగారంలో ప్రవేశించిన సందర్భాలున్నాయి. ఒక ఊరి యాసను మరో ఊరి యాసతో చదునుచేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా గడి అంటూ ఒకటి ఉన్నది. అందులోని పేరు తప్పయితే, తప్పని నిరూపించడానికైనా వీలున్నది.

1965లో ‘హుర్రియెత్’ దినపత్రిక ‘బంగారు మైక్రోఫోన్’ పేరిట సంగీతపోటీ ప్రారంభించింది. పాటలో మాటలు టర్కీ భాషలో ఉండాలి, వాద్యాలు పాశ్చాత్యమైనవి కావాలి, బాణీ కొత్తదైనా జానపదమైనా సరే. అంతవరకు ఇంగ్లీషు, ఫ్రెంచి పాటలకు అనుకరణలు పాడుతున్న పట్టణపు యువకులు ఒక్కసారిగా ఊళ్లవైపు తిరిగారు. 1967 పోటీలో జెమ్ కరజా బృందం ద్వితీయ బహుమతి పొందిన పాట పందొమ్మిదవ శతాబ్దపు సంచారకవి ఎమ్రాహ్ రచన ఆధారంగా కూర్చినది. కరజా తల్లి ఆర్మేనియన్ రంగస్థల నటి, తండ్రి కూడా నటుడే. ఇస్తాంబుల్ నాటకశాలల మధ్య పెరిగిన యువకుడు ఊరి కవి మాటలను గొంతెత్తి పాడాడు. ఈ ధోరణిని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

వాద్యం మారింది, లయ మారలేదు

సైకెడెలిక్ అనే విశేషణం ఇక్కడ ధ్వనికి సంబంధించినది. అమెరికా, ఇంగ్లండు బృందాలు గిటారు నాదాన్ని విద్యుత్ పరికరాలతో గరుకుగా మార్చి, సాగదీసి, అలలుగా తిప్పి వినిపించిన కాలమది. టర్కీ వాద్యకారులు ఆ పరికరాలను తమ బాలమాకు తగిలించారు. బాలమా పొడవైన మెడగల తంత్రీవాద్యం. ఏడు తీగెలు మూడు జట్లుగా ఉంటాయి. మెట్లు నరాలతో కట్టినవి గనుక జరుపుకోవచ్చు. దానివల్ల పియానో మెట్ల నడుమ ఉండే సూక్ష్మస్వరాలు పలుకుతాయి. విద్యుత్తు సోకినా ఆ స్వరాలు చెడలేదు. లయ కూడా చెడలేదు. తొమ్మిది మాత్రలను రెండు, రెండు, రెండు, మూడుగా విరిచే కుంటినడక వారి నృత్యగీతాలకు ప్రాణం. కర్ణాటక పద్ధతిలో తొమ్మిదిని సంకీర్ణంగా నాలుగు, అయిదుగా విడగొట్టి లెక్కించడానికి అలవాటుపడిన చెవికి ఆ చివరి మూడు మాత్రలు కాలు జారినట్లు తోస్తాయి.

1967లో ఏర్పడిన ‘మోవల్లార్’ బృందం 1971లో టర్కీ నృత్యలయల రికార్డుకు ఫ్రాన్సులో షార్ల్ క్రో అకాడమీ పురస్కారం పొందింది. 1974లో ఎర్కిన్ కొరాయ్ వెలువరించిన ఆల్బం పేరు ‘ఎలెక్త్రోనిక్ త్యుర్క్యులెర్’, అనగా విద్యుత్ పల్లెపాటలు. అందులోని ‘జెమాలిమ్’ ఉర్గుప్ ప్రాంతపు విలాపగీతం. హత్యకు గురైన భర్త జెమాల్ కోసం భార్య ఏడ్చిన ఏడుపు అది. 1976లో సెల్దా బాజాన్ తన తొలి ఆల్బంలో మహ్జునీ షెరీఫ్ అనే ఆషిక్ రచనలు పాడింది. ఆషిక్ అంటే వాద్యం చేతబట్టి స్వయంగా పాటకట్టి ఊరూరా పాడే కవిగాయకుడు. చూపులేని ఆషిక్ వేసెల్ (1894–1973) ఆ పరంపరలో అందరికీ పూజ్యుడు.

1980 సెప్టెంబరు 12న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అప్పటికే జర్మనీలో ఉన్న కరజా తిరిగి రాలేదు. 1983లో అతని పౌరసత్వం రద్దయింది. 1987లో గాని స్వదేశంలో అడుగుపెట్టలేకపోయాడు. 1981–84 నడుమ సెల్దా మూడుసార్లు జైలుపాలైంది. ఆమె పాస్‌పోర్టు కూడా 1987 వరకు చేతికి రాలేదు. ధోరణి ఆగిపోయింది. రికార్డులు మాత్రం మిగిలాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పునర్జన్మ

మిగిలిన రికార్డులకు కొత్త శ్రోతలు ఐరోపాలో దొరికారు. 2006లో ఒక బ్రిటిష్ సంస్థ సెల్దా ఆల్బంను మళ్లీ విడుదల చేసింది. 2009లో అమెరికన్ ర్యాప్ గాయకుడు మోస్ డెఫ్ అందులోని ఒక పాట తునకను తన పాటలో పొదిగాడు. ఆ పాట కట్టిన మహ్జునీ షెరీఫ్ 2002లోనే మరణించాడు.

డచ్ బాస్ గిటారు వాద్యకారుడు యాస్పర్ వెర్హుల్స్ట్ కచేరీల కోసం ఇస్తాంబుల్ వెళ్లి, పాత రికార్డులపై మోజు పెంచుకున్నాడు. ఆ పాటలు పాడగల టర్కీ గాయకులు కావాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చాడు. 1964లో నెదర్లాండ్స్ టర్కీతో శ్రామికుల ఒప్పందం చేసుకున్నప్పటి నుండి ఆ దేశంలో టర్కీ కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి కనుక గాయకులకు కొదవలేదు. మెర్వె దష్‌దెమిర్, ఎర్దించ్ ఎజెవిత్ చేరారు. ‘బంగారు రోజు’ అనే అర్థంగల ఆల్తన్ గ్యూన్ బృందం 2018లో తొలి ఆల్బం ‘ఆన్’ విడుదల చేసింది. 2019 నాటి ‘గెజె’ (రాత్రి) ఆల్బం గ్రామీ పురస్కారాల ప్రపంచసంగీత విభాగంలో తుదిజాబితాకు చేరింది.

తొలి ఆల్బంలో ‘జెమాలిమ్’ మళ్లీ వినిపిస్తుంది. పాశ్చాత్య సమీక్షకులు సాధారణంగా దీనిని 1970ల సైకెడెలిక్ రాక్ పునరుద్ధరణగా వర్ణిస్తారు. ఈ వర్ణన అసత్యం కాదు గాని సగమే. గొలుసులోని నడిమి కొక్కెం దానికి కనిపించింది, మొదటిది కనిపించలేదు. అదే ఆల్బంలో నెషెత్ ఎర్తాష్ (1938–2012) పాటలూ ఉన్నాయి. ఆయన రాక్ గాయకుడు కాడు. కిర్‌షెహిర్ ప్రాంతపు అబ్దాల్ సమాజంలో పుట్టినవాడు. పెళ్లిళ్లలో వాయించి పొట్టపోసుకొనే ఆ సమాజాన్ని చుట్టుపక్కల ఊళ్లు పాటకు పిలిచాయి గాని పంక్తిలో సమానంగా చూడలేదు. తండ్రి ముహర్రెమ్ వద్ద నేర్చిన నెషెత్, వేళ్లు చచ్చుబడి చికిత్సకై జర్మనీ వెళ్లి దశాబ్దాలు అక్కడే ఉండిపోయాడు. తరువాతి కాలంలో ప్రభుత్వం ఇవ్వజూపిన ‘రాజ్య కళాకారుడు’ బిరుదును, అది మనుషుల మధ్య భేదం చూపుతుందని కాదన్నాడు.

ఆల్తన్ గ్యూన్ తాను పాడే పాటలు ఎక్కడివో దాచలేదని ఇక్కడ చెప్పాలి. వారికి దాచవలసిన అవసరమూ లేదు. మూలవ్యక్తి పేరు వెదుక్కోవడానికి సిద్ధంగా ఒక భాండాగారం ఉంది. ఆ సదుపాయం మనకు ఎంతవరకు ఉన్నదో చూడాలి.

ఓరుగల్లు వైపు

తెలుగునాట 1970లలో ఇలాంటి రాక్ ఉద్యమం రాలేదు. పట్టణ యువతకు కొత్తధ్వనిని సినిమాయే అందించింది. పల్లెబాణీని జనసమూహాల ముందుకు తెచ్చిన పని 1972లో ఏర్పడిన జననాట్యమండలి వంటి సంస్థలది. అక్కడ గిటారుకు బదులు డప్పు, రికార్డుకు బదులు సభ. ‘బండెనక బండి కట్టి’ పాట తెలంగాణ సాయుధపోరాట కాలంలో బండి యాదగిరి కట్టినది. గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’లో గద్దర్ ఆ పాటతో తెరపై కనిపించారు. నేటికీ చాలామంది దానిని గద్దర్ రచన అనుకుంటారు. గద్దర్ అలా చెప్పుకున్నందువల్ల ఈ పొరపాటు పుట్టలేదు. వినేవారికి చేరింది నడిమి కొక్కెమే కనుక పుట్టింది.

సేకరణ మనకు లేదనడం అన్యాయం. హనుమకొండ సమీపాన దేవనూరులో జన్మించిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయసాహిత్యంపై చేసిన పరిశోధన ఈ రంగానికి పునాది. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్లులోనే నెలకొంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు అంతరిస్తున్న వాద్యాలను వెదకి కాపాడారు. అయితే మన సేకరణ ప్రధానంగా సాహిత్యదృష్టితో సాగింది. పాఠం దొరికింది, వర్గీకరణ జరిగింది. బాణీ, స్వరస్థానం, వాద్యపు శ్రుతి చాలా పుస్తకాలలో లేవు. పాడినవారి పేరు ఉన్నచోట పీఠికలో కృతజ్ఞతగా ఉంటుంది, పాట పక్కన ఉండదు. పుస్తకం నుండి పాట బయటికి వచ్చినప్పుడు పీఠిక వెంట రాదు. ‘జానపదం’ అన్న ఒక్క మాట వెంట వస్తుంది.

2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ చిత్రం ఈ స్థితికి ఒక మినహాయింపు. వేణు ఎల్దండి దర్శకుడు, భీమ్స్ సిసిరోలియో సంగీతం, పాటలు రాసిన కాసర్ల శ్యామ్ హనుమకొండవారు. చివరిఘట్టంలో చావింట బుర్రకథ పాడినవారు వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఊరూరా తెరలు కట్టి ఆ చిత్రాన్ని చూసిన జనం ఆ పాట దగ్గర ఏడ్చారు. బుడగజంగాలు తరతరాలుగా చేస్తున్న పనే అది. షెడ్యూల్డు కులాల జాబితాలోని ఈ సంచార సమాజానికి, కిర్‌షెహిర్ అబ్దాల్ సమాజానికి మధ్య పోలిక వివరించనవసరం లేదు. మొగిలయ్య, కొమురమ్మల ముఖాలు తెరపై ఉన్నందున వారి పేర్లు నిలిచాయి. గొంతు మాత్రమే తీసుకొని మరొకరితో అభినయింపజేసి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. మూత్రపిండాల వ్యాధితో బాధపడి 2024 డిసెంబరు 19న మొగిలయ్య మరణించారు.

తెలుగు యువబృందాలు ఇప్పుడు పల్లెబాణీవైపు చూస్తున్నాయి. హైదరాబాదు ‘చౌరస్తా’ బృందం జానపద యాసను రెగ్గే లయతో కలిపి ఆదరణ పొందింది. వారివి ఎక్కువగా స్వంత రచనలు. రేపు ఏదో ఒక బృందం శారదకథ బాణీని ఎలక్ట్రిక్ గిటారుతో వాయిస్తుంది. వాయించాలి కూడా. తంబుర తీగెకు విద్యుత్తు తగిలితే సంప్రదాయం మైలపడుతుందని వాదించేవారు టర్కీ అనుభవాన్ని చూడాలి. అక్కడ నలభై ఏళ్ల తరువాత పిల్లలను పల్లెపాట దాకా నడిపించింది ఆ విద్యుత్ రికార్డే. మన విశ్వవిద్యాలయాల వద్ద దశాబ్దాలుగా పోగైన క్షేత్రపర్యటనల కేసెట్లకు నాలుగు గడుల పత్రం తయారుచేయడం ఆ బృందం రాకముందే జరగవలసిన పని. పరిశోధక విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఒక వేసవిలో మొదలుపెట్టగల పని కూడా. ప్రాంతం, గాయకులు, సేకర్త, స్వరలిపికారుడు అన్న ఆ నాలుగింటికి తోడు, ఎవరి వద్ద నేర్చారన్న అయిదవ గడి మన పరంపరలకు అవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ అయిదవ గడి ఎందుకో ‘జెమాలిమ్’ పత్రమే చెబుతుంది. దానిపై ప్రాంతంగా ఉర్గుప్ పేరు, మూలవ్యక్తిగా ఆ ఊరి గాయకుడు రెఫిక్ బషారాన్ పేరు ఉన్నాయి. భర్త శవం ముందు ఆ మాటలు మొదట పలికిన స్త్రీ పేరుకు అక్కడ గడి లేదు.