కాలువ గట్టున కాటన్ దొర
ఊరుమ్మడి చందాలతో వెలసిన డెల్టా విగ్రహాలు

ద్రాక్షారామం: భీమేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద వందలాది దాన శాసనాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో పెక్కు అఖండ దీపాలకు సంబంధించినవి. దీపం ఆరకుండా వెలగడానికి నెయ్యి పోయవలసిన వారికి గొర్రెలను అప్పగించి, ఆ ఏర్పాటును దాత పేరుతో సహా రాతిపై చెక్కించారు. రాజులతో పాటు వర్తకులు, అధికారులు, స్త్రీలు కూడా ఆ దాతలలో ఉన్నారు. ఇచ్చిన వారి పేరు నలుగురూ తిరిగే చోట రాతిపై నిలపడం గోదావరి సీమకు అలా వెయ్యేళ్ల నుంచి వస్తున్న అలవాటు. డెల్టా గ్రామాల కూడళ్లలోని విగ్రహాల దిమ్మెలపై దాతల జాబితాలను చూసినవారికి ఇది వెంటనే గుర్తుకు వస్తుంది.

ఈ విగ్రహాలలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది సర్ ఆర్థర్ కాటన్‌ది. పరాయి పాలకుల సైన్యంలోని ఇంజినీరుకు, స్వాతంత్య్రం వచ్చాక రైతులు చందాలు వేసుకుని ఊరూరా విగ్రహాలు నిలపడం దేశంలో అరుదు.

కరవు నేర్పిన కృతజ్ఞత

డొక్కల కరవుగా జనం చెప్పుకున్న 1832-33 నాటి కరవు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుదేలు చేశాయి. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలు కాగా, 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. చచ్చినవారు చావగా బతికినవారు వలస పోయారు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పనులు మొదలై 1852లో పూర్తయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా నిలిచిన ఆ కట్టడం తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరిచ్చింది. తరువాత దాని స్థానంలో నిర్మించిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. ఏటా మే 15న ఆయన జయంతి నాడు విగ్రహాలకు పూలమాలలు పడతాయి.

ఒక ఊరిలో గుర్రంపై స్వారీ చేస్తూ, మరో ఊరిలో ఛాతీ వరకు మాత్రమే కాటన్ దర్శనమిస్తారు. పోలిక అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నింటిలో దొర ముఖం కంటే గుర్రమే చక్కగా కుదిరిందని కూడా చెప్పుకోవాలి. వెండి రంగో, బంగారు రంగో పూసి, పైన చిన్న గొడుగు కట్టి గ్రామస్థులు వాటిని తమవిగా చేసుకున్నారు.

కొత్తపేట శిల్పశాల

విగ్రహాల తయారీకి కోనసీమలోని కొత్తపేట పేరుపొందింది. అక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేతిలో అనేకమంది నాయకుల, ప్రముఖుల విగ్రహాలు రూపుదిద్దుకున్నాయి. మొదట బంకమట్టితో నమూనా చేస్తారు. తెచ్చినవారు దానిని చూసి ముక్కు, నుదురు, భుజాలపై మార్పులు చెబుతారు. ఆ తరువాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, ఇచ్చే సొమ్మును బట్టి సిమెంటు, ఫైబర్ లేదా కంచులో పోత పోస్తారు. 2009లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించాక ఆయన విగ్రహాలకు రాష్ట్రమంతటా గిరాకీ పెరిగింది.

కూడలిలో ఎవరు నిలవాలన్న ప్రశ్న తేలికైనది కాదు. దళితపేటల్లో కూలి డబ్బులు కూడబెట్టి నిలిపిన అంబేడ్కర్ విగ్రహం అలంకారం కోసం పెట్టినది కాదు. ఊరి దారిపై తమకూ సమాన హక్కు ఉందన్న ప్రకటన. 2012 జనవరిలో అమలాపురం ప్రాంతంలో అంబేడ్కర్ విగ్రహాల ధ్వంసం తీవ్ర ఉద్రిక్తతకు దారితీసింది. పలుచోట్ల విగ్రహాల చుట్టూ ఇనుప ఊచలు కనిపించడానికి కారణం ఇటువంటి భయమే. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై 1986లో ప్రభుత్వం నెలకొల్పిన 33 విగ్రహాలలో కాటన్‌దీ ఒకటి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా అక్కడ పలు విగ్రహాలు నేలకూలాయి.

రహదారి విస్తరిస్తే...

రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాల ఏర్పాటుకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. రాకపోకల దృష్ట్యా ఆ ఆదేశం సబబే. అయితే పాత విగ్రహాల సంగతి వేరు. దారి వెడల్పు చేసేటప్పుడు విగ్రహాన్ని క్రేనుతో ఎత్తి పక్కకు చేర్చవచ్చు. దిమ్మె మాత్రం ఇటుక, సిమెంటు కట్టడం కనుక పగలగొట్టక తప్పదు. శిలాఫలకాన్ని ముందుగా విడదీయకపోతే, వందో రెండు వందలో ఇచ్చిన రైతుల పేర్లు ఆ రాళ్ల కుప్పలోనే పోతాయి.