శాలువా వెనుక చరిత్ర

పూర్వపు విశాఖ జిల్లాలోని చోడవరంలోనైనా, హైదరాబాదులోనైనా, సన్మాన సభలో పెద్దల భుజాలపై శాలువా కప్పడం మన ఆనవాయితీ. 'శాలువా' అన్న మాటకు మూలం పారసీకంలోని 'షాల్'. ఈ మర్యాద చరిత్ర కూడా సుదీర్ఘమైనదే.

కఅబ్ బిన్ జుహైర్ మొదట దైవప్రవక్త (స)ను నిందించిన కవి. పశ్చాత్తాపంతో వచ్చి తన కవితను వినిపించగా, ప్రవక్త (స) తమ బుర్దాను, అనగా పైవస్త్రాన్ని, ఆయనకు కప్పారని ప్రసిద్ధి. ఆ వస్త్రం సత్కారమే కాదు, క్షమ కూడా.

ఏలిక వస్త్రమిచ్చి గౌరవించే ఆచారం ఇస్లాంకు పూర్వమే ఇరాన్‌లో ఉండేది. ఖలీఫాల, సుల్తానుల దర్బారుల్లో అది 'ఖిల్అత్' అయింది. దీని మూలధాతువుకు 'విప్పుట' అని అర్థం. ఏలిక తన ఒంటిమీది వస్త్రాన్నే విప్పి ఇచ్చాడని భావం.

ఉడుపులు మతాల ఎల్లలు దాటాయి. అరబీ 'ఖబా' విజయనగరంలో 'కబాయి' అయింది, పారసీక 'కులాహ్' 'కుళ్లాయి' అయింది. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు చిత్రాలలో పురుషులు ఈ రెండింటినీ ధరించి కనిపిస్తారు.

గోల్కొండ ఏలుబడిలో చోడవరం ప్రాంతం శ్రీకాకుళం సర్కారులో ఉండేది. ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో మసీదు కట్టించాడు. ఆ పాలనతోపాటే దర్బారు మాటలు, మర్యాదలు ఈ సీమకు పరిచయమయ్యాయి. పట్టువస్త్రాలతో సత్కరించే దేశీయ సంప్రదాయం వాటికి తోడైంది.

ఉడుపును చూసి మనిషిని పరాయివాడని తీర్మానించేవారు, తమ భుజంమీది శాలువా ఎంత దూరం నడచి వచ్చిందో ఒక్కసారి తలచుకోవాలి.