నర్తకి యెన్నుకొనవలసిన పాట

ఓక్లండు నగరమందలి యొక చిన్న నాట్యశాలలో, అద్దపు బిళ్లలు కుట్టిన రవికెయు, గవ్వలును ఊలు కుచ్చులును వ్రేలాడు నడికట్టును ధరించి ఒక అమెరికా యువతి రంగముపైకి వచ్చినపుడు, దేవరకొండ తండాలనుండి లంబాడీ పడుచు ఎవతెయో ఇంతదూరము వచ్చినదని క్షణకాలము భ్రమించితిని. అంతలో ఈజిప్టు దర్బుకా యను డోలు మ్రోగెను. దానిపై బాంజో పలికెను. అడుగున కంప్యూటరు పుట్టించిన మంద్రధ్వని నేలను అదరించెను. ఇది ఏ దేశపు నృత్యమని ప్రక్కవారి నడుగగా, తమదే యనిరి. ఆ మాట యెట్లు నిజమో చెప్పవలెనన్న ఈ దేశపు చరిత్ర కొంత చెప్పక తప్పదు.

ఫిబ్రవరిలో మన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ఉపన్యసించిన వివేకానందస్వామి సెప్టెంబరులో చికాగో సర్వమత మహాసభయందు లేచి నిలిచిన ఆ 1893వ సంవత్సరముననే, ఆ నగరముననే, ప్రపంచ ప్రదర్శనపు వినోదవీథిలో ‘కైరో వీథి’ యని యొకటి కట్టి, అందు నర్తకీమణులచే నేడు బెల్లీడాన్స్ అనబడు నాట్యమాడించిరి. వినోదములకు అధికారియైన సోల్ బ్లూమ్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు, ఒకనాడు పత్రికారచయితల సమాజమున నృత్యమునకు తగిన పాట లేకపోగా, పియానోపై అప్పటికప్పుడు ఒక వరుస కల్పించితినని ఆత్మకథలో వ్రాసికొనెను. దానిపై హక్కు నైన నాతడు పొందలేదు. అతడే పిదప కాంగ్రెసు సభ్యుడై, 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై అమెరికా పక్షమున చేవ్రాలు చేసినవారిలో నొకడయ్యెను. ఆ మహానుభావుని పేరు నేటి పిల్ల లెఱుగరు. కార్టూను బొమ్మలలో పాము తలయెత్తినప్పుడెల్ల మ్రోగు ఆ వరుసను మాత్రము ఎల్లరు నెఱుగుదురు. ఒక సభలో అవసరమునకు పుట్టిన రాగము తరతరములపాటు అరబ్బుల సంగీతమునకు ప్రతినిధియై నిలుచుట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఆ తరువాతి కథ కాలిఫోర్నియాది. 1968లో జమీలా సలీంపూర్ ‘బాల్ అనత్’ నాట్యబృందమును కూర్చెను. 1987లో కెరొలీనా నెరిచియో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘ఫ్యాట్‌ఛాన్స్ బెల్లీడాన్స్’ బృందమును నెలకొల్పెను. మన చోళీ రవికె ఈ త్రోవనే వారి నాట్యమున ప్రవేశించినది. 2007లో ఓక్లండున పుట్టిన ‘బీట్స్ యాంటిక్’ సంగీతబృందమున నర్తకి జోయీ జేక్స్ తానే సభ్యురాలు. కావుననే కాబోలు వారి పాటలలో దేహము కదలుటకు చోటు దొరకును.

పాట నెన్నుకొనుటలో మొదట వినవలసినది దర్బుకా. చర్మము నడుమ కొట్టిన ‘దుమ్’ బరువైనది, అంచున కొట్టిన ‘తెక్’ తేలికైనది. నర్తకి కటిభాగము సామాన్యముగా దుమ్ పడినచోట దిగును. దుమ్ తెక్, తెక్ దుమ్, తెక్ అని నడచునది మక్సూమ్; నడుమ రెండు దుమ్ములు జంటగా పడినచో సయీదీ, అది ఎగువ ఈజిప్టు పల్లీయులు కఱ్ఱ చేతబట్టి యాడు నడక. నట్టువాంగమునకు అలవడిన చెవి కిది కష్టము కాదు. తాళము లేక ఒంటి వాద్యము పలుకు తక్సీమ్ మన ఆలాపన వంటిదే; అచ్చట పాదములు నిలిచి భుజములును చేతులును మాత్రము మెల్లగా కదలవలెను.

తాళము పిదప వినవలసినవి స్వరములు. 1962లో డిక్ డేల్ గిటారుపై మ్రోగించిన ‘మిసిర్లూ’ విని అమెరికా యువకులు ఉఱ్ఱూతలూగిరి. అతని తండ్రి లెబనాను సంతతివాడు. ఆ పాటలోని స్వరములు, తెలుగు బాలిక తెల్లవారుజామున సరళీస్వరములు సాధన చేయు మాయామాళవగౌళ స్వరములే! వారి కది రహస్యలోకము, మనకు తొలిపాఠము. ఇంతటి సంపద చేతనుండగా, బజారున దొరకు ‘అరేబియన్ మిక్సు’ లేల? అందు కొన్నిటిలో ఖురాన్ పారాయణమో, నమాజు పిలుపో అతికియుండును. ఇచ్చటి వివేకవంతులైన నర్తకు లట్టివానిపై ఆడనొల్లరు. మన నామసంకీర్తనము నట్లు వాడిన మనము సహింతుమా?

హైదరాబాదు సైబర్ టవర్స్ అద్దముల వెనుక నేను పనిచేసిన దినములలో పాతబస్తీ పెండ్లిలో వినిన మర్ఫా, ఆ డప్పులు, ఆ స్టీలు బిందెల మ్రోత, ఇచ్చట ప్రతి దర్బుకాలోను నా చెవి వెదకుచున్నది. నిజాము సైన్యమున కొలువు చేసిన హద్రమౌత్ అరబ్బులును, ఆఫ్రికా సిద్దీలును తెచ్చిన వాద్య మది.

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి నాట్యశాలలలో ఈ నృత్యము నభ్యసించు చెల్లెండ్రారా, ఫ్యూజను పాట కట్టింప నెంచినచో ఆ మర్ఫాను ఒక్కసారి ఆసాంతము వినుడు. మీ రెన్నుకొన్న పాటలో అరబ్బీ మాటలున్నచో, వాని అర్థము చెప్పగలవారు ఆ అరబ్బుల సంతతివారు నివసించు బార్కాసులో నున్నారు. ఆడుటకు ముందే వారి నడిగి తెలిసికొనుడు.