మలివయసు మనసెరిగిన పరిశోధన

వాకాడు: వృద్ధాప్యాన్ని వ్యాధిగా గాక జీవితంలో ఒక దశగా భావించి అధ్యయనం చేసిన సంస్థ తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని వృద్ధాప్య పరిశోధన కేంద్రం. వాకాడు ప్రాంతానికి ఆ విశ్వవిద్యాలయం కొత్తది కాదు. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు నెల్లూరు జిల్లా కళాశాలలు దాని పరిధిలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఆవిర్భవించినపుడు వాకాడు మండలం అందులో చేరింది.

ఆవిర్భావం

విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. 1951 నాటికి దేశ ప్రజల సగటు ఆయుర్దాయం 40 ఏళ్లకు చేరలేదు. వృద్ధుల మనోస్థితిపై నాడు దేశంలో పరిశోధనలు అరుదు. మనోవిజ్ఞానశాస్త్ర ఆచార్యులు పి.వి.రామమూర్తి ఈ లోటును పూరించేందుకు పూనుకున్నారు. పరిశోధన కేంద్రానికి ఆయనే వ్యవస్థాపక సంచాలకులు. ఆయనతో కలిసి కృషి చేసిన ఆచార్య డి.జమున కూడా సంచాలకులుగా సేవలందించారు. వీరిరువురి సంపాదకత్వంలో భారతీయ వృద్ధాప్య శాస్త్ర కరదీపిక 2004లో వెలువడింది.

ఏం తేలింది?

వయసుతో వచ్చే మార్పులను అంగీకరించడం, తన ఆరోగ్యంపై తనకు సదభిప్రాయం ఉండటం, అయినవారి అండ ఉందన్న నమ్మకం, పట్టువిడుపులు, దాంపత్య సంతృప్తి, తరాల నడుమ సఖ్యత వార్ధక్యాన్ని సుఖమయం చేస్తాయని ఈ పరిశోధనలు తెలిపాయి. కర్మ సిద్ధాంతంపై విశ్వాసం సైతం మనోస్థైర్యమిస్తుందని గుర్తించడం విశేషం.

పెద్దల సంరక్షణ భారం అధికంగా భార్య, కోడలు, కుమార్తెలపైనే పడుతున్నట్లు జమున అధ్యయనాలు వెల్లడించాయి. సంరక్షకురాలి అలసట, ఇంట్లోని పొరపొచ్చాలు సేవల నాణ్యతను దెబ్బతీస్తాయి. కనుక వృద్ధులతోపాటు వారిని చూసుకునేవారికీ చేయూత అవసరం.

మనకేమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10 కోట్లకు పైమాటే. తూపిలిపాళెం వంటి తీర గ్రామాల్లో వేట మానిన పెద్దలకు వలలు బాగుచేసే పని అప్పగించినా, సేద్యం వ్యవహారాల్లో వారి సలహా అడిగినా తమ అవసరం ఇంకా ఉందన్న ధీమా కలుగుతుంది. ఇంటి పనిలో కోడలికి మిగిలినవారు చేయందిస్తే ఆ పెద్దలకూ మేలే.

ఆదరణ కరవైనవారికి చట్టం అండగా ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 కింద రెవెన్యూ డివిజన్ స్థాయిలోని ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పిల్లల నుంచి నెలకు రూ.10 వేల వరకు భరణం ఇప్పించే అధికారం దానికి ఉంది.