తెరమూలను గడియారము

2038 జనవరి 19వ తేదీన మన కాలమానము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకన్లు గడచినంతనే, 1970 మొదలుకొని సెకన్లను 32 బిట్లలో లెక్కించుచు వచ్చిన పాత యంత్రములు లెక్క పొంగి 1901 డిసెంబరులో పడనున్నవని గణకశాస్త్రజ్ఞులు చిరకాలముగా హెచ్చరించుచున్నారు. ఆ గడువు సమీపించుచున్న యీ తరుణమున, కంప్యూటరు తెరపై నొక మూల నొదిగియుండు చిన్న గడియారము చరిత్రను స్మరించుట సముచితము.

అడుగున రంధ్రముగల రాగిపాత్ర నీట మునుగుటకు పట్టు 24 నిమిషములను ఘడియగా నెంచి అహోరాత్రమును 60 ఘడియలుగా విభజించిన మన పూర్వులను, 1656లో లోలకముతో గడియారమును నడపిన హైగెన్సును, 1889లో చార్మినారు నెక్కిన గడియారములను, 1927లో స్ఫటిక స్పందనముతో కాలమును కొలిచిన బెల్ ప్రయోగశాలను ఒక్క వాక్యమున దాటుట అపచారమే గాని, మన కథ బల్లమీది కంప్యూటరుతో మొదలగును. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.కి బ్యాటరీ గడియారమే లేదు. మీట నొక్కిన ప్రతిమారును అది తేదీ యేమి, వేళ యెంత యని యజమానినే యడుగుచుండెను.

1984 జనవరిలో వెలువడిన మాకింటాషు అంతటి మరపుగలది కాదు. బ్యాటరీతో నడచు దాని గడియారపు చిప్పు 1904 జనవరి 1 నుండి సెకన్లను లెక్కించుచుండెను. 1900 లీపు సంవత్సరము కాకపోవుటచే, 1904 నుండి మొదలిడినచో నాలుగేండ్ల లెక్క చాలకాలము చిక్కు లేక సాగును. అయినను వేళ చూడవలెనన్న ఆపిల్ మెనూలోని అలారం గడియారమును తెరువవలెను. 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల యెత్తు మాత్రమే గల తెరపై అది వ్రాయుచున్న లేఖకే యడ్డు వచ్చుచుండెను. ఈ యిరుకును తీర్చినవాడు స్టీవ్ క్రిస్టెన్సెన్ అను ప్రోగ్రామరు. 1980ల చివర నాతడు మెనూపట్టీ కుడికొసన ఖాళీగా నున్న తావున వేళను నిలిపి, ఆ ‘సూపర్‌క్లాక్’ను లోకమునకు ఉచితముగా పంచెను.

1994లో ఆపిల్ సంస్థ దానినే ఆధారముగా గొని సిస్టమ్ 7.5లో మెనూపట్టీ గడియారమును చేర్చినప్పుడు, గడియారమును నచ్చినట్లు అలంకరించుకొను వైభవము సర్వజనులకును దక్కెను. అక్షరముల రూపము, పరిమాణము, రంగు. సెకన్లు వలయునా, వారము పేరు వలయునా. నడుమ చుక్కలు మిణుకుమనవలెనా. గంటకా, అరగంటకా, పావుగంటకా, ఏ శబ్దముతో మ్రోగవలెను—సమస్తము యజమాని చిత్తమే. ఒక్క నొక్కు నొక్కిన వేళకు మారుగా తేదీ కనబడును.

వైభవముతోపాటు తగవులును వచ్చినవి. మెనూలు మితిమీరిన ప్రోగ్రాము తెరచినచో గడియారమునకు చోటు చాలదు. ఎక్స్‌టెన్షన్లను అదనపు ప్రోగ్రాములు పరస్పరము కలహించి యంత్రము బిగుసుకొన్నచో, షిఫ్టు మీట నొక్కిపట్టి వానినెల్ల నాపి యంత్రమును లేపి, పిదప సగము సగముగా చేర్చుచు దోషిని పట్టుకొనవలెను. తేదీ హఠాత్తుగా 1904 అయినచో గడియారమును నిందింపరాదు. అయిపోయినది లోపలి బ్యాటరీ. అట్టి పాత మాకింటాషు ఇంట నున్నవారు ఆ బ్యాటరీని వెంటనే తీసివేయుట మేలు. కారిన బ్యాటరీ బోర్డును తినివేయును.

ఆపై కథ చెదరును. విండోస్ 95 తయారగునప్పుడు మిణుకుమను చుక్కలను, సెకన్లను మెమరీ చాలదని తీసివేసిరి. 2023లో విండోస్ 11 సెకన్లను చూప నంగీకరించియు, విద్యుత్తు ఎక్కువ పట్టునని ప్రక్కనే హెచ్చరించినది. భారత కాలరేఖ కాకినాడకు చేరువగా పోవుచున్నను, విండోస్ కాలమండలముల పట్టికలో చెన్నై, కోల్‌కత, ముంబయి, న్యూఢిల్లీ పేర్లే యున్నవి. అమెరికాలోని తెలుగువారు అదనపు గడియారమున ఇంటి వేళ నుంచుకొనుటకు ఆ పేర్లనే వెదుకుకొనవలెను. 2020 నాటి బిగ్ సర్ అను రూపాంతరముతోనే మాకింటాషు గడియారమును దాచు సౌకర్యము పోయినది. చోటు మిగుల్చుకొనదలచువారు దానిని ముండ్ల గడియారముగా కుదించుకొనుచున్నారు.

నేటి గడియారము అంతర్జాలమునుండి వేళను తానే సరిదిద్దుకొనును. ఆ మేలు కాదనరానిది. అయినను, ఒక ప్రోగ్రామరు ఉచితముగా నిచ్చినదానిపై పెరిగిన స్వేచ్ఛను సంపన్న సంస్థలు కుదించుట న్యాయము కాదు. వలదన్నవారికి గడియారమును దాచుకొను మీటనైనను తిరిగి యీయవలెను.