నీటి మీద మోపిన నేరం

సిప్పీఘాట్ మీదుగా వండూరు వైపు వెళ్ళే దారి పక్కన, ఒకప్పుడు వరి పండిన నేల ఇప్పుడు ఉప్పునీటి మడుగు. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ దాదాపు మీటరు లోతుకు కుంగింది. సునామీ అలలు వెనక్కి పోయినా పోటు నీళ్ళు మాత్రం పొలాలను వదల్లేదు. నీరు ఇలా హద్దు దాటిన చోట వైద్యులకు ముందుగా తోచే జబ్బు కలరా. దీవుల్లో ఆ భయానికి కారణమూ ఉంది: రెండేళ్ళ కిందటే, 2002లో, నన్‌కౌరీ నికోబారీలలో కలరా ప్రబలింది. తీరా కార్ నికోబార్‌లోని ఒక సహాయ శిబిరంలో విరేచనాలు వ్యాపిస్తే, పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు కారణంగా తేల్చింది రోటావైరస్‌ని. 2007లో అచ్చయిన ఆ నివేదిక రెండే పుటలది. పసిపిల్లల విరేచనాలకు నీటినే దోషిగా నిలబెట్టే మన అలవాటును ప్రశ్నించడానికి ఆ రెండు పుటలు చాలు.

అసలు నీటికంటే ముందు నేరం పళ్ళ మీద పడింది. పళ్ళొస్తున్నాయి కాబట్టి విరేచనాలవుతున్నాయనే మాట శ్రీకాకుళం పల్లెల్లో ఎంత మామూలో, అక్కడి నుంచి వలస వెళ్ళిన కుటుంబాలున్న దీవుల్లోనూ అంతే మామూలు. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగే. ఈ నమ్మకాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తేలిక గానీ, తల్లులు చూసింది తప్పు కాదు, చెప్పుకున్న కారణమే తప్పు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలలకు తగ్గిపోతుంది. అదే వయసులో బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, పళ్ళూ అప్పుడే మొలుస్తాయి. రోటావైరస్ తీవ్రంగా పట్టుకునేది కూడా ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపే. అసలు నష్టం మరో మాట వల్ల జరిగింది. లంఖణం పరమౌషధం అనే సూత్రాన్ని పసివాళ్ళకూ వర్తింపజేసి, నీళ్ళు, పాలు మాన్పించేవారు. ఒంట్లో ఉన్న కాస్త తడీ ఆరిపోయి కళ్ళు గుంటలు పడేవి.

వైద్యులు మాత్రం అంతకంటే ముందున్నారా అంటే, 1970ల దాకా పెద్దగా లేదు. మలాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తే చాలామంది పిల్లల విషయంలో ఏ బ్యాక్టీరియా దొరికేది కాదు. 1973లో మెల్‌బోర్న్ రాయల్ చిల్డ్రన్స్ ఆస్పత్రిలో రూత్ బిషప్ బృందం విరేచనాలతో చేరిన 9 మంది పిల్లల చిన్నపేగు మొదటి భాగం నుంచి పొర ముక్కలు తీసి, పలుచగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆరుగురి కణాల్లో గుంపులుగా గుండ్రటి రేణువులు కనిపించాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదివేలో వంతుకన్నా చిన్నది, చుట్టూ ఆకులతో బండిచక్రంలా ఉంటుంది. మరుసటి ఏడాది ఇంగ్లండులో టామస్ ఫ్లెవెట్ దానికి రోటావైరస్ అని పేరు పెట్టాడు. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది పేరు కాదు, ఊరు. మెల్‌బోర్న్ మురికినీళ్ళు తాగే ఊరు కాదు. టీకా రాకముందు అమెరికాలోనూ ఏటా 55 వేల నుంచి 70 వేల మంది పిల్లలు ఈ వైరస్ వల్లే ఆస్పత్రుల్లో చేరేవారు. కుళాయి నీళ్ళు శుభ్రంగా ఉన్నా బిడ్డకు సోకుతుంది; పేదదేశంలో చచ్చిపోయేవాళ్ళు ఎక్కువ, అంతే తేడా. జబ్బుపడ్డ బిడ్డ మలం ఒక్క గ్రాములో వెయ్యి కోట్లకు పైగా రేణువులుండొచ్చు. సోకడానికి వంద కూడా అక్కర్లేదు. ఆ లెక్కన శిబిరంలో ఒకే గదిలో నలుగురు తల్లులు పిల్లల్ని మార్చి మార్చి ఎత్తుకుంటే చాలు.

అలాగైతే శుభ్రమైన నీటికి డబ్బు పోయడం దండగా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. కలరాను, జిగట విరేచనాలను వెనక్కి నెట్టింది ఆ నీరే. అవి తగ్గినకొద్దీ మిగిలిన దానిలో రోటావైరస్ వాటా పైకి తేలింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఏ క్రిమి అయితేనేం, ఓఆర్ఎస్ అన్నింటికీ పనిచేస్తుంది కదా, పేరుతో పనేముంది? నిజమే. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళతో మరణాలను దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దించాడు. ఆ నీళ్ళకు క్రిమి పేరుతో నిమిత్తం లేదు. కాకపోతే రోటావైరస్ విరేచనాలకంటే ముందు వాంతులతో మొదలవుతుంది. చెంచాతో పట్టించింది పట్టించినట్టే కక్కేసే బిడ్డకు కొంచెం కొంచెంగా తాగించే ఓపికైనా కావాలి, సెలైన్ ఎక్కించే ఆస్పత్రైనా దగ్గరుండాలి. కార్ నికోబార్ నుంచి పెద్దాస్పత్రికి సముద్రం దాటి రావాలి. పేరు తెలియకపోతే ఇంకో అనర్థం, వైరస్ మీద పనిచేయని యాంటీబయాటిక్ సీసా ఇంటికి రావడం.

పేరు తెలియడం వల్లే టీకా వచ్చింది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లలకు ఒక రోటావైరస్ సోకినా వాళ్ళకు విరేచనాలు కాలేదు. పైగా తర్వాత తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ కలిగింది. ఎం.కె.భాన్ బృందం పట్టుకున్న ఆ 116ఇ రకంలో 11 జన్యు ఖండాలుంటే, ఒకటి పశువుల రోటావైరస్‌ది, తక్కినవి మనిషి వైరస్‌వి. ప్రకృతే చేసిపెట్టిన ఆ సంకరాన్ని హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ రోటావాక్‌గా తయారుచేసింది. 6,799 మంది శిశువులపై పరీక్షించాక, 2016 మార్చిలో సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదటగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీవ్రమైన జబ్బును ఇది ఆపింది సుమారు 55 శాతమే, ఐరోపాలో ఇలాంటి టీకాలు 90 శాతం దాటాయి కదా అనే విమర్శ ఉంది. కానీ టీకాకు ముందు దేశంలో ఏటా 78 వేల మంది పిల్లలు దీనివల్ల పోయేవారని అంచనా. అంత పెద్ద రాశిలో సగం తగ్గడం, చిన్న రాశిలో తొంభై వంతులు తగ్గడంకన్నా ఎక్కువే. టీకా వల్ల పేగులో పేగు దూరే ప్రమాదం సంగతీ దాచాల్సింది కాదు. అమెరికా తొలి టీకా రోటాషీల్డ్‌ను 1999లో వెనక్కి తీసుకుంది అందుకే. అందువల్లే ఈ చుక్కలను 6, 10, 14 వారాల్లో వేస్తారు, ఏడాది దాటిన బిడ్డకు కొత్తగా మొదలుపెట్టరు.

రోటాషీల్డ్ తర్వాతి టీకాలు బాగా పనిచేసిన అమెరికాలో చిన్నపిల్లల్ని వైద్యుల దగ్గరికి తెచ్చే విరేచనాల్లో మొదటి స్థానం ఇప్పుడు నోరోవైరస్‌ది. 1968లో ఒహాయోలోని నార్వాక్‌లో ఒక బడిలో బయటపడిన ఈ వైరస్‌ను 1972లో ఆల్బర్ట్ కపికియన్ మైక్రోస్కోప్‌లో చూశాడు, అంటే రోటావైరస్‌కంటే ఓ ఏడాది ముందే. అయినా దాన్ని మనిషి పేగు కణాల్లో పెంచడం 2016 దాకా సాధ్యం కాలేదు, వాడుకలోకి వచ్చిన టీకా ఇంకా లేదు. ఆల్కహాల్ శానిటైజర్‌కు అది అంత తేలిగ్గా లొంగదు. దానికి మాత్రం సబ్బూ నీళ్ళే మేలు.