పొగలేని పొయ్యి, మసిలేని గొట్టము

మా నారాయణఖేడ్ ప్రాంతమున కంది కోతలు ముగిసిన పిమ్మట పెరళ్ళలో కందికట్టె కుప్పలు కనబడును. పత్తికట్టె, పిడకలు వానికి తోడు. వంటగ్యాసు ఊరూరికి వచ్చినను, స్నానమునకు నీళ్ళు కాచుటకు, పెండ్లి వంటలకు, సిలిండరు ముగిసిన దినములలోను కట్టెల పొయ్యి వెలుగుచునే యున్నది.

నా చిన్నతనమున మా అమ్మమ్మ యింట పొగగొట్టము గల మట్టిపొయ్యి ఒకటి ఉండెడిది. మొదటి సంవత్సరము వంటింట పొగ లేదు. రెండవ సంవత్సరము పొగ గొట్టము గుండా పోవుట మాని పొయ్యి నోటినుండి తిరిగి రాసాగెను. ఆమె విసిగి, గొట్టమును ఊడబెరికించి, మునుపటి మూడురాళ్ళ పొయ్యికే మరలెను. నిజమునకు పొయ్యి చెడిపోలేదు. గొట్టములో మసి పేరుకొన్నది. దానిని తోముటకు బ్రష్షు ఒకటి కావలెనని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. ఆ చిన్న బ్రష్షుకు రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దానిని తెలిసికొనుటకు ముందు గొట్టము చేయు పనిని చూతము.

గొట్టము పొగను ఎట్లు లాగును?

వేడిగాలి తేలికయైనది. వెలుపలి గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటిగ్రేడు అనుకొందము. ఘనమీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోగ్రాములు. గొట్టములోని వాయువులు సగటున 150 డిగ్రీల వేడి కలిగియున్నచో, వాని బరువు ఘనమీటరుకు సుమారు 0.83 కిలోగ్రాములే. ఈ భేదము వలన 3 మీటర్ల గొట్టము అడుగున ఏర్పడు లాగుడు ఎంత? లెక్కించి చూచిన 10 పాస్కళ్ళకు కొంచెము తక్కువ. అనగా ఒక మిల్లీమీటరు ఎత్తు గల నీటి పొర కలుగజేయు పీడనము మాత్రమే! ఇంత స్వల్పమైన బలముతో పొగ పైకి పోవలెను.

ఇప్పుడు 7.5 సెం.మీ. వ్యాసము గల గొట్టములో చుట్టును 1 సెం.మీ. మందమున మసి పట్టినదనుకొందము. మిగిలిన దారి వ్యాసము 5.5 సెం.మీ. వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును అనుసరించును గనుక, దారిలో దాదాపు సగము మూసికొనిపోయినట్లే. దారి ఇరుకగుటతో పొగ కదలికకు అడ్డంకియు హెచ్చును. పొగ వెనుకకు తిరుగుటలో వింత ఏమున్నది?

విద్యార్థులు దీనిని తరగతిలోనే చూడవచ్చును. రెండు పుల్లలపై లాంతరు చిమ్నీని నిలిపి, లోపల చిన్న క్రొవ్వొత్తిని వెలిగించి, అడుగు సందువద్ద అగరువత్తిని ఉంచుడు. పొగ లోపలికి పోయి పైకి లేచును. పైమూతిని దళసరి అట్టముక్కతో కొద్దికొద్దిగా మూసిన కొలది ఆ లాగుడు తగ్గిపోవును.

ఇంగ్లండులో బాలురు, బ్రష్షులు

ఈ మసిని తొలగించు పనిని ఇంగ్లండులో ఒకప్పుడు పసిబాలురు చేసెడివారు. ఇరుకైన పొగగొట్టములలోనికి వారిని ఎక్కించి, మసిని గోకించెడివారు. 1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, ఈ పని చేసినవారికి వృషణముల తిత్తిపై వచ్చు కేన్సరు మసివలన కలుగుచున్నదని వ్రాసెను. ఒక వృత్తికిని కేన్సరుకును గల సంబంధమును వైద్యశాస్త్రము గుర్తించిన తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది. బొగ్గుతారునుండి బెంజోపైరీన్ అను కేన్సరు కారకమును వేరుచేసినది 1933లో. అనగా కారణము విడివడుటకు నూటయేబది యేండ్లకు పైగా పట్టెను.

1788లో చేసిన చట్టము ఎనిమిదేండ్లలోపు పిల్లలను ఈ పనిలో చేర్చుకొనరాదనెను. అది సరిగా అమలు కాలేదు. 1803లో జార్జి స్మార్ట్ అనునతడు బాలుర అవసరము లేకుండ గొట్టమును తోమగల సాధనమును చేసెను. బోలు కర్రలను త్రాటిపై గ్రుచ్చి, చివర బ్రష్షును అమర్చి, క్రిందినుండి పైకి నెట్టునట్టిది అది. 1828లో జోసెఫ్ గ్లాస్ వంగు గుణము గల బెత్తపు కర్రలతో దానిని మెరుగుపరచెను. నేటి పొగగొట్టపు బ్రష్షులకు అదియే మాతృక.

సాధనము వచ్చినను ఆచారము వెంటనే మారలేదు. వంకర గొట్టములలో బ్రష్షు పోదని కొందరు, బాలుడే శుభ్రముగా గోకునని కొందరు వాదించిరి. 1840లో ఇరువదియొక్క యేండ్లలోపు వారిని గొట్టములలోనికి ఎక్కించుటను చట్టము నిషేధించెను. అయినను 1875లో కేంబ్రిడ్జివద్ద ఫుల్‌బోర్న్ ఆసుపత్రి గొట్టములో జార్జి బ్రూస్టర్ అను బాలుడు చిక్కుకొని మరణించెను. ఆ యేడు వచ్చిన చట్టముతోనే ఆ దురాచారము అంతమైనది. స్మార్టు బ్రష్షునుండి ఈ చట్టము వరకు 72 సంవత్సరములు!

హైదరాబాదు పొయ్యి

మన ప్రాంతపు కథ వేరు. మన ఇండ్లలో గొట్టమే లేదు. పొగ చూరు సందులగుండా పోవలసినదే. 1953లో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలల అధిపతి డాక్టరు ఎస్. పి. రాజు కోట్లాది ప్రజలకు పొగలేని వంటిండ్లు అను అర్థము వచ్చు పేరుతో ఆంగ్లమున ఒక పుస్తకమును ప్రకటించిరి. ఆ పరిశోధనశాల రూపొందించిన పొయ్యి మట్టితో కట్టునది. ఒకే మంటపై ఒకటికి మించిన పాత్రలు పెట్టవచ్చును. పొగ గొట్టము గుండా వెలుపలికి పోవును. అప్పుడు మా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో నుండెను. 1956లో మెదకు జిల్లాలో చేరెను. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది.

తరువాత 1980 దశకమున కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. 2002లో అది ముగియునాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచబడెను. కాని కట్టినవెన్ని, నిలిచినవెన్ని అను ప్రశ్న వెన్నాడుచునే యుండెను. ఒడిశా గ్రామములలో రెమా హానా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు గొట్టము గల పొయ్యిలను కొన్నియేండ్లు పరిశీలించిరి. మొదటి యేట వంటచేయువారు పీల్చు పొగ తగ్గెను; పిమ్మట ఆ మేలు కనబడలేదు. జనులు పొయ్యిని సరిగా వాడకపోవుట, బాగుచేయించుకొనకపోవుట, క్రమముగా మానివేయుట కారణములని 2012లో వెలువడిన వారి నివేదిక తెలిపెను. మా అమ్మమ్మ వంటింటి కథయే అక్కడను జరిగినదనవచ్చును.

బ్రష్షును ఎన్నుకొనుట, వాడుట

బ్రష్షు వ్యాసము గొట్టము లోపలి వ్యాసమునకు సమముగా గాని, వెండ్రుకవాసి ఎక్కువగా గాని ఉండవలెను. చిన్నదైన బ్రష్షు నడుమనుండి జారిపోవును. గోడకు అంటిన మసి అట్లే నిలుచును. ఇటుక గొట్టమునకు గట్టి తీగ బ్రష్షు పనికివచ్చును. రేకు గొట్టమునకు నైలాను, మట్టి గొట్టమునకు కొబ్బరిపీచు వంటి మెత్తనివి మేలు. రంపపుపొడిని నొక్కి చేసిన గుళికలను మండించు పొయ్యిలు అమెరికాలో 1980 దశకమునుండి వ్యాపించినవి. వాని గొట్టములు సాధారణముగా 3 లేక 4 అంగుళములవి. వానిలో మసి కంటె మెత్తని బూడిద హెచ్చు. అది మలుపులవద్ద, అడ్డముగా పోవు భాగములలో నిలుచును. అచ్చట వంగెడి కర్రకు అమర్చిన మెత్తని బ్రష్షే తగినది.

తోముటకు ముందు నిప్పు పూర్తిగా ఆరి, గొట్టము చల్లబడవలెను. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, పొయ్యి నోటిని తడి గోనెతో మూయుడు. గొట్టము పైటోపీని తీసి, బ్రష్షును ఈ చివరనుండి ఆ చివరకు పూర్తిగా పోనిండు. నడుమ వెనుకకు లాగిన వెండ్రుకలు చిక్కుపడును. మరలతో బిగించిన కర్రలను బిగియు దిశకే త్రిప్పవలెను. ఎదురుగా త్రిప్పిన బ్రష్షు ఊడి గొట్టములోనే నిలిచిపోవును. చివరకు అడుగున రాలిన మసిని ఎత్తివేయుట మరువరాదు. కొనలేనివారు త్రాటికి పీచుకట్టను కట్టి, దాని క్రింద బరువు వ్రేలాడదీసి, పైనుండి దింపవచ్చును. నెలకొకసారి లోపలికి చూచి, మసి 3 మిల్లీమీటర్లు పట్టినచో తోమవలసినదే.

ఒక హెచ్చరిక. పాత గొట్టము ఆస్బెస్టాసు సిమెంటుదైనచో దానిని బ్రష్షుతో గీకరాదు. దాని నూలుపోగుల వంటి ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. అట్టి గొట్టమును పగులగొట్టక, తడిపి తీయించి, మట్టిదో రేకుదో అమర్చుకొనుట ఉత్తమము.

ఇంగ్లండులో బ్రష్షు ఉండియు దానిని వాడు మనసు రాలేదు. మన పల్లెలలో గొట్టము వచ్చెను గాని బ్రష్షు దాని వెంట రాలేదు. పొయ్యిని కట్టించు ప్రతివారును ఆ దినమే గొట్టమునకు తగిన బ్రష్షును గోడకు మేకు కొట్టి తగిలింపవలెను. మసి పట్టుట ప్రకృతి ధర్మము. దానిని తోముట మన పని.